ముప్పై రెండో పేజీలో పొలుసు

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, మా ఊరి పోస్టాఫీసులో జిగురు సీసాకు చీమలు పట్టాయి. ముద్రకు వేసే సిరా ఎండిపోయింది. ఎర్రడబ్బా మూత గాలికి టపటపా కొట్టుకుంటున్నా అడిగే నాథుడు లేడు. కారణం, పోయిన నెల ఒక మంగళవారం పొద్దున మా అయివోరు బడికి బయలుదేరి, చెప్పులు తొడుక్కుంటూ అరుగు మీదే ఒరిగిపోయారు. మళ్లీ లేవలేదు.

వాకాడుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉంటుంది మా ఊరు. ఇక్కడ బడిపంతులే పోస్టు మాస్టరు. బడి వదిలాక అరుగు మీద బల్ల వేస్తే అదే పోస్టాఫీసు. నేను ఎండుచేపల వ్యాపారిని. ఐదో తరగతి దాకా చదివాను, అందులో మూడోది రెండుసార్లు.

ఒకసారి ఆ ఎర్రడబ్బాలో బతికున్న పీతను వేశాను. సాయంత్రానికి అది కుండలో మా ఇంటికే వచ్చింది, కుండ మెడకు చీటీతో: "స్టాంపు అంటించనందున పంపినవారికే తిరిగి పంపడమైనది." ఆనాటి నుంచి ఆయనంటే నాకు గురి.

నయాపైసలు వచ్చిన కొత్తలో నేనొక నవల రాశాను. వేటకు పోయి తిరిగిరాని మా అన్న కథ. చేపకు దళారి ఉన్నట్టే పుస్తకానికీ మద్రాసులో దళారులుంటారని, వాళ్లకు నచ్చితే అచ్చువేసేవాళ్ల చేతిలో పెడతారని అయివోరే చెప్పారు. నా కోడిగీతలను ఆయనే గుండ్రటి అక్షరాలతో ఎత్తిరాశారు. ఒకసారి సరిచూస్తానని ఇంటికి పట్టుకుపోయి, మర్నాడు తెచ్చిచ్చాను. తిరుగు తపాలాకు స్టాంపులు కూడా పెట్టి పంపాం. రెండు నెలలకు తిరిగొచ్చింది.

నా ఎదుటే దారం తెంచారు. ముప్పై రెండో పేజీ దగ్గర ఆగారు. మా ఇంట్లో ఎప్పుడు పడిందో, చేప పొలుసు ఒకటి రెండు పేజీల నడుమ అట్టాగే ఉంది.

"చూడరా, పోయిన పొలుసు పోయినట్టే వచ్చింది. పేజీ తిప్పుంటే రాలిపోయుండదా? వాళ్లు చదవనే లేదు."

"ఎట్టయితే ఏంది అయివోరా, కాదన్నారు గదా."

"చదవకుండా కాదంటే అది కాదన్నట్టు కాదురా. ఇంకొకరికి పంపు."

అప్పటి నుంచి అదే మా ఆచారం. పంపే ముందు ముప్పై రెండో పేజీలో నేనొక పొలుసు పెట్టేవాణ్ణి. తిరిగి రాగానే అయివోరు కబురు పెట్టేవారు. దారం తెంచేవారు. పొలుసు చెక్కుచెదరకుండా ఉండేది. అట్లా మొదటిదీ కలుపుకుని ఎనిమిదేళ్లలో తొమ్మిదిసార్లు. పంపే కొద్దీ నాకు పొగరెక్కింది. మద్రాసులో చదువొచ్చినవాడే లేడని దారినపోయే వాళ్లందరికీ ఉపన్యాసమిచ్చేవాణ్ణి.

"ఏంది అబ్బయా, నీ పుస్తకం మళ్లీ ఈదుకుంటా వచ్చేసిందంట?" అంది ఒకరోజు చేపల గంప దించుతూ మా పక్కింటి అక్క.

"దాన్ని ఎవురూ విప్పి చూళ్లేదక్కా."

"మా ఆయనా అంతే. ముద్ద నోట్లో పెట్టకముందే ముళ్లెక్కువంటాడు."

అయివోరి కర్మకాండ అయ్యాక అమ్మగారు నన్ను పిలిపించారు. ఆయన పెట్టె తెరిచారు. స్టాంపుల పుస్తకం కింద అగ్గిపెట్టె ఒకటి ఉంది. తెరిస్తే చేప పొలుసులు. ఉల్లిపాయ కూడా గడప దాటని ఇల్లది. దాని కింద ఎనిమిది జాబులు.

"ఏందమ్మా ఇది?"

"మొదటిసారి నువ్వు చూసింది నిజమే నాయనా. రెండోసారి ఆయన ముందే విప్పి చూసినారు. పొలుసు లేదు, జాబుంది. చదివితే నువ్వు రాయడం మానేస్తావని ఒక పొలుసు తెచ్చి పెట్టి మళ్లీ కట్టేసినారు. ఆ తర్వాత ప్రతిసారీ అంతే. వద్దండీ అంటానే ఉన్నా."

జాబులు అక్కడే కూర్చుని చదివాను. ఎక్కువ భాగం రెండు ముక్కల్లో కాదన్నవే. నాలుగోది మాత్రం పెద్దది. "మీ చమత్కారం బాగుంది. కాని అన్న పోయిన రోజును ముప్పై రెండో పేజీలో రెండు వరుసల్లో దాటేశారు. అది రాసి పంపితే మళ్లీ చూస్తాను." దాని మీది ముద్ర నాలుగేళ్ల నాటిది.

ఊరందరినీ ఆటపట్టించినవాణ్ణి. నన్ను ఎనిమిదేళ్లు ఆడించారాయన. ఎనిమిది మంది చదివారు, కాదన్నారు. అందులో ఒకడు దారి చూపించాడు. ఆ దారికి అడ్డంగా మా అయివోరు చేప పొలుసు పెట్టారు. అది దయ అంటారు అమ్మగారు. అయ్యుండవచ్చు. కాని నేను తట్టుకోలేనని ఆయనకెవరు చెప్పారు? నన్నొక్క మాట అడిగారా? సంస్మరణలో ఇట్లా రాయకూడదని నాకూ తెలుసు. పొగడ్త రాద్దామనే కూర్చున్నాను, కలం వినలేదు.

నా గుడ్డితనమూ చెప్పాలి. మొదటిది తప్ప మద్రాసు నుంచి వచ్చిన ప్రతి పార్సిలుకూ దారం వలముడి వేసి ఉండేది. వలలు అల్లే ఊళ్లో పుట్టి, మద్రాసువాళ్లకు వలముడి ఎట్లా వచ్చిందని ఒక్కనాడూ అనుకోలేదు. ఆ ముడి అయివోరికి నేర్పింది మా అన్నే.

కాగితాలు నలిగినప్పుడల్లా నవలంతా మళ్లీ మొదటి నుంచి ఎత్తిరాసిందీ ఆ చేతే. మూడుసార్లు. వేలి మీద కలం కాయ కాసి ఉండేది. తిట్టబోయిన ప్రతిసారీ అది గుర్తొస్తుంది. ఆ తర్వాత మళ్లీ తిడతాను.

ఆయన పోకముందు పంపిన పదో పార్సిలు నిన్న తిరిగొచ్చింది. వాకాడు నుంచి వచ్చే టపామనిషి నేరుగా నా చేతిలో పెట్టాడు. నడుమ ఎవరి చేయీ పడలేదు. దారం తెంచి చూశాను. ముప్పై రెండో పేజీలో పొలుసు లేదు. చదివారు. చదివే కాదన్నారు. రాత్రికే కొత్త కాగితం తీసి, అన్న పోయిన రోజును రాయడం మొదలుపెట్టాను.

ఇంతవరకు మీకు చెప్పిందంతా నిజం, ఒక్కటి తప్ప. పార్సిలు రావడం నిజం. విప్పడం నా కల్పన. అది మా ఇంట్లో ఉట్టి మీద ఉంది. కింద కూర్చుంటే దాని ముడి కనబడుతుంది. వలముడి కాదు. ఎవరో తెలియనివాళ్లు వేసిన ముడి.