చూరు నీడ, ఏడో గీత

మా ముత్తాత ఈ ఊరి మునసబు. ఆయన గుర్రమెక్కి కారంపూడి వైపు బయలుదేరితే ఎదురొచ్చే బండ్లు పక్కకు దిగి దారి ఇచ్చేవట. ఆయన కొడుకు, మా తాత, మునసబు. ఆయన కాలంలో పొలిమేర తగవు వస్తే రెండు ఊళ్ళవాళ్ళూ పోలీసులకంటే ముందు మా అరుగు దగ్గరికి వచ్చేవారు. మా నాన్న మునసబు. నేనూ మునసబునే, పదకొండేళ్ళు.

ఎనభైల్లో ఒక సాయంత్రం రేడియోలో వార్తలు చదివే ఆయన, వానల సంగతి చెప్పినంత తేలిగ్గా, గ్రామోద్యోగాలు రద్దయ్యాయని చెప్పాడు. నాలుగు తరాల పని ఒక్క వాక్యంలో పోయింది. నేను తప్పు చేశానని అన్నా ఎదురు నిలిచి జవాబు చెప్పేవాణ్ణి. తప్పు కూడా మోపలేదు. తరువాత ఒక గుమాస్తా వచ్చి, దస్త్రాలు లెక్కపెట్టుకుని, మా తాత పెట్టె కూడా సర్కారుదే అనుకుని ఎత్తబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

మా ఇంటి ముందుకు రాగానే సైకిలు దిగి నడిపించుకుంటూ వెళ్ళడం ఊళ్ళో మర్యాద. దిగమని మేమెన్నడూ ఎవరికీ చెప్పలేదు. ఆ వారంలోనే ఒకడు దిగకుండా పోయాడు. మర్నాడు ఇంకొకడు బెల్లు కొట్టి మరీ పోయాడు. దారిలో కోడి కూడా అడ్డం లేదు. ఆ బెల్లు నాకోసమే.

అయినా పొద్దున్నే అరుగు మీద కూర్చోవడం నేను మానలేదు. తూర్పు ముఖం అరుగు అది. పైన పరిచింది ఒకటే నాపరాతి బండ, ఇద్దరు పడుకునేంత పెద్దది. దాని మీద అంచు పొడవునా అలల్లాంటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, వేలితో తడిమితే తెలిసేంత ఎత్తున. మావాళ్ళు తరతరాలుగా కూర్చుని నిమిరి నిమిరి ఆ గీతలు పడ్డాయని మా నాయనమ్మ చెప్పేది. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ నేనూ అదే చెప్పాను. రాతిని అరగదీసిన వంశం మాది అనుకునేవాణ్ణి.

ఆ గీతలతో ఒక పని ఉండేది. మా ఇంటికి ఎదురుగా, చేల మధ్య, ఇద్దరు అన్నదమ్ములకు ఉమ్మడి బావి ఉంది. నీళ్ళ వంతు దగ్గర కర్రలు పట్టుకునే దాకా వస్తే మా నాన్న తీర్పు చెప్పాడు. పొద్దెక్కేకొద్దీ మా చూరు నీడ గోడ దగ్గరి నుంచి ఒక్కో గీతా దాటుకుంటూ అరుగు అంచుకు వస్తుంది. ఏడో గీతను తాకేదాకా అన్న వంతు, ఆ తరువాత తమ్ముడిది. చలికాలంలో అయిదో గీత. నీడ తాకగానే నాన్న స్తంభానికి ఎర్ర తువ్వాలు కట్టేవాడు. అది బావి దగ్గరికి కనిపిస్తుంది. తరువాత ఇద్దరూ వాచీలు కొనుక్కున్నారు, కానీ ఒకడి వాచీని ఇంకొకడు నమ్మడు. నాన్న పోయాక తువ్వాలు నా చేతికి వచ్చింది. ఉద్యోగం పోయాక నాకు మిగిలిన పని అదొక్కటే. దాన్ని పని అనుకోవడానికి కూడా నాకు నామోషీగా ఉండేది.

అప్పుడే సిమెంటు ఫ్యాక్టరీ పెట్టాలనుకునే వాళ్ళ తరఫున రాయి పరీక్ష చేసే యువకుడొకడు జీపులో వచ్చాడు. దారి చూపడానికి క్వారీలో రాళ్ళు కొట్టే ముసలాయన వెంట ఉన్నాడు. ఊరవతల ఉన్న మా రాతిచేను వాళ్ళకు కావాలి. నేను ఇవ్వనన్నాను. "ఇంటి దూలాలు చెద తినేశాయి. ఆ చేలో కంది కూడా మొలవదు. ఎవరికోసం దాస్తారు?" అని నా భార్య లోపలినుంచి అడిగింది.

యువకుడు నా మాట వినడం మాని బండ మీదికి వంగాడు. "ఇదెక్కడ దొరికింది పెద్దాయనా?"

పెద్దాయనా! "దొరకలేదు. మా వాళ్ళు కూర్చుని సంపాదించింది" అని గీతల కథ చెప్పాను.

"ఇవి మనుషులు చేసినవి కాదండీ. ఇక్కడ సముద్రం ఉండేది. అడుగున బురద మీద నీళ్ళు కదిలి పడ్డ అలలు. ఆ బురదే రాయయ్యింది. మనుషులు కాదుగదా, అప్పటికి చేపలు కూడా లేవు."

"నువ్వు చూశావా?"

"ఎవరు చూస్తారండీ? కళ్ళున్న ప్రాణే లేదు అప్పటికి."

ముసలాయన చుట్ట పక్కన పెట్టాడు. "నిజమే దొరా. మా తాత కొట్టిన బండే ఇది. క్వారీలో ఒక పొరంతా ఇట్టాగే ఉంటది. నున్నగా ఉండదని గీతలబండ ఎవురూ కొనరు. ఊరకనే పడేసింటే మీ ఇంటికి తోలారు. మీ ముత్తాత చానా సంబరపడ్డాడంట."

నా ఒళ్ళు మండిపోయింది. రేడియో వాడు నాలుగు తరాలు తీసేశాడు, వీళ్ళు మిగిలిన కాలమంతా తీసేశారు. చూసే కన్ను లేని సముద్రం ఎవరికోసం కదిలింది? అన్ని కోట్ల ఏళ్ళు గడిచి, చివరికి మా ముత్తాత గుర్రం దిగి ఒక పనికిరాని బండ మీద కూర్చోవడానికా? ఆయన ఏమిటి, నేనేమిటి? ఆ లెక్కలో మేము సైకిలు బెల్లంత కూడా కాము. ఇలాంటి మాట నవ్వుతూ చెప్పొచ్చని ఆ కుర్రవాడికి ఎవరు నేర్పారు?

గొంతెత్తి తిడుతుండగానే బావి వైపు నుంచి తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు.

"మునసబుగారో! ఏందయ్యా ఇది? నీడ ఎనిమిదో గీత మీద ఉంది, తువ్వాలేదీ? కట్టలేదుగా అని మా అన్న నీళ్ళు మళ్ళించనీట్లా. నా మిరపనారు మాడిపోతంది!"

చూస్తే నిజమే. నాన్న పోయిన రోజు కూడా తప్పని తువ్వాలు ఆ రోజు తప్పింది. తువ్వాలు అందుకుని స్తంభానికి కట్టసాగాను. యువకుడు తన చేతి గడియారం చూసి టైము చెప్పబోయాడు.

"అది నీ దగ్గరే ఉంచుకో బాబూ" అన్నాడు తమ్ముడు. "ఈయన కడితేనే మా అన్న కదిలేది."

"నాదే తప్పు" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి అంతకుముందు ఊళ్ళో ఎవరూ వినలేదు. "రేపు ఆరో గీతకే కడతాను. పోయిన నీళ్ళు నీకు వస్తాయి."

మర్నాడు ఆరో గీతకే కట్టాను. అన్న అరుగు వైపు ఒకసారి చూసి, మారు మాట్లాడకుండా కాలవ తమ్ముడికి వదిలాడు.

ఆ సముద్రం మీద నాకు ఇప్పటికీ కోపమే. మమ్మల్ని ఎరగనిది మా అరుగు మీద పడుకుని ఉంది. అయితే అన్ని ఏళ్ళు ఎవరికీ పనికిరాని దాని గీతలను ఇద్దరు అన్నదమ్ములు కొట్టుకు చావకుండా వాడింది మా నాన్న. అది సముద్రం చేసిన పని కాదు, సర్కారు చేసిన పనీ కాదు.

చూరు నిలిస్తేనే నీడ; అది నిలవాలంటే దూలాలు మార్చాలి. చేను ఇస్తానని కబురు చేస్తే, యువకుడు ఆ బండ కూడా ఇవ్వమన్నాడు. ఆఫీసు గుమ్మం ముందు పెట్టుకుంటారట. చేను కావాలంటే బండ మాట ఎత్తవద్దన్నాను. మళ్ళీ ఎత్తలేదు.

రాతిచేను తొమ్మిది ఎకరాలూ, చివరి కోడెల జతా, ముత్తాత గుర్రపు జీనూ ఆ వేసవిలో అమ్మేశాం.