అయిదో తరగతి లెక్కలకు డూప్

మా అమ్మాయి కెజియాకు ఇంట్లో చదువు చెప్పడానికి పుస్తకాలు ఎంచుకోబోయి, ఒక టీచరమ్మ ఎదుట, భార్య ఎదుట, పదేళ్ల కూతురి ఎదుట ఒకేసారి పరువు పోగొట్టుకున్న వైనం చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

ఫిల్మ్ నగర్‌లో నాది డూపుల్ని కుదిర్చే పని. హీరో మేడ మీంచి దూకాలంటే, అదే ఒడ్డూ పొడుగూ ఉన్న ఇంకొకణ్ణి తెచ్చి దూకిస్తాను. తెర మీద కనిపించేది నిజం కాదని రోజూ చూసేవాడికి అనుమానం జబ్బులా పట్టుకుంటుంది. ఎవరైనా ఊరికే నమస్కారం పెడితే, వీడికి నాతో ఏం పని పడిందా అని ఆలోచిస్తాను.

కెజియా చిన్నపిల్లల పాత్రలకు డబ్బింగ్ చెబుతుంది. డబ్బింగ్ వేళలకూ బడి వేళలకూ కుదరక, అయిదో తరగతి ఇంట్లోనే చెప్పుకుందామని మా ఆవిడ గ్రేస్ నిర్ణయించింది. రెండు రకాల పుస్తకాలు తెప్పించింది. మొదటి వాటిలో జవాబులు వెనకాల లేవు. ఏదో దాస్తున్నారని పక్కన పెట్టాను. రెండో వాటిలో జవాబులన్నీ ఉన్నాయి. ఇంత ధారాళంగా ఎందుకిచ్చారని అవీ పక్కన పెట్టాను.

"మీకు నచ్చే పుస్తకం ఇంకా అచ్చు కాలేదండీ," అని గ్రేస్ ఈసారి నన్ను అడక్కుండానే వెంగళరావు నగర్‌లో ఉండే సుజాత టీచర్‌తో మాట్లాడేసింది. ఇంట్లో చదివే పిల్లలకు ఆవిడ స్వయంగా పాఠాలు తయారుచేసి ఇస్తారు. ముందుగా ఒక ప్రశ్నపత్రం పంపి, ఫోన్ చేశారు.

"పాప ఒక్కతే రాయాలె సార్. మీరెవ్వరూ చెప్పొద్దు. అది చూసి ఏ తరగతి నుంచి షురూ చెయ్యాల్నో చెప్తా."

నాకు చురుక్కుమంది. కింది తరగతి పుస్తకాలు గుట్టలుగా మిగిలిపోయి ఉంటాయి, పిల్లలందర్నీ రెండు తరగతులు కిందకి దించి వాటిని అంటగడుతుంది అనుకున్నాను. గ్రేస్‌తో అంటే, "మీరు మనుషులేనా, పోలీసులా?" అంది.

కెజియా బుద్ధిగా కూర్చుని రాసింది. ఆ కాగితం పంపే పని నాకు అప్పజెప్పారు. అక్కడే నా తెలివి వికసించింది. పిల్ల ఎక్కడో ఒకటి తప్పు రాసి ఉంటుంది, ఆవిడకు అదే సాకు. అదే నేను అన్నీ ఒప్పులు రాసి పంపితే? అప్పుడు కూడా కిందకి దించిందంటే దొంగ దొరికినట్టే. కెజియా కాగితం నా భుజం సంచీలో దాచి, టీచర్ ఫోన్‌కు పంపిన ఖాళీ ప్రశ్నపత్రం ఇంకొకటి ప్రింటు తీసి, ఎడమచేత్తో పిల్ల రాతలా వంకరటింకరగా నేనే రాసి పంపాను. హీరోను ప్రమాదంలో పెట్టకుండా డూప్‌ను దింపడం నా వృత్తిధర్మం కదా.

మూడో రోజు ఫోన్ వచ్చింది. గ్రేస్ అందరికీ వినిపించేలా పెట్టింది.

"పాపకు భిన్నాలు వస్తలేవు మేడం. మూడో తరగతి నుంచి చెప్పుకుందాం. చేతిరాత కూడా జర చూడాలె."

నేను లోలోపల విజిల్ వేశాను. కానీ కెజియా ముఖం చూశాక ఆ సంబరం సగం చచ్చింది. "నాకన్నీ వచ్చాయనుకున్నాను డాడీ," అని దిండులో ముఖం పెట్టుకుంది. ఆ రోజు అన్నం తినలేదు. నిజం చెప్పేయాలని గొంతుదాకా వచ్చింది. ముందు ఆ టీచర్ని నిలదీసి, తర్వాత చెబుదామని మింగేశాను.

మర్నాడు పొద్దున్నే ఇద్దర్నీ వెంటబెట్టుకుని టీచర్ ఇంటికి వెళ్లాను.

"తప్పు ఎక్కడుందో చూపించండి," అన్నాను, కాలు మీద కాలేసుకుని.

ఆవిడ కాగితం తీశారు. "సగానికి మూడో వంతు కలిపితే అయిదింట రెండు వంతులు అని రాసింది సార్."

"అయితే ఏంటండీ? పైన ఒకటీ ఒకటీ రెండు. కింద రెండూ మూడూ అయిదు. తప్పేముంది?"

జవాబు టీచర్ చెప్పలేదు. కెజియా చెప్పింది. "అయిదింట రెండంటే సగం కన్నా తక్కువ డాడీ. సగానికి ఇంకా కలిపితే తగ్గుతుందా?"

నేను కాలు దించాను.

"ఇది ఇంకా విచిత్రం," అని టీచర్ చదివారు. "కుళాయి ఒక తొట్టిని నలభై నిమిషాల్లో నింపుతుంది. ఆరు తొట్లకు ఎంతసేపు అని అడిగిన. 'నాలుగు గంటలు ఏ కుళాయిలోనూ నీళ్లు రావు. ఈ ప్రశ్నలో ఏదో మోసం ఉంది' అని రాసింది. పదేళ్ల పిల్లకు గింత అనుమానమేంది సార్?"

గ్రేస్ నెమ్మదిగా నావైపు తిరిగింది. కెజియా కాగితం లాక్కుని చూసింది. "ఇది నా పేపర్ కాదు. నేను నాలుగు గంటలని రాశాను."

సంచీలోంచి అసలు కాగితం తీసి ఇచ్చాను. అంతకన్నా ఏం చేయగలను? టీచర్ అక్కడికక్కడే దిద్దారు. ఒక్కటే తప్పు. "అయిదో తరగతే బిడ్డా," అన్నారు. కెజియా ముఖం వెలిగింది. నాకు సిగ్గుతో పాటు ఏడుపూ వచ్చింది.

బయల్దేరేటప్పుడు టీచర్ అయిదో తరగతి పుస్తకాలు కెజియాకిచ్చి, మూడో తరగతి లెక్కల పుస్తకం నా చేతిలో పెట్టారు. "పరీక్ష రాసినోళ్లకు పుస్తకం ఇయ్యాలె కదా సార్."

ఆ సాయంత్రమే దాని మొదటి పేజీలో ప్రమాణం రాశాను. ఎంత ఎత్తయిన మేడ మీంచైనా డూప్‌ను దూకిస్తాను గాని, నా కూతురి పరీక్షకు ఈ జన్మలో మళ్లీ డూప్‌గా వెళ్లనని. సంతకం పెట్టి కెజియాకిచ్చాను. అది రెండుసార్లు చదివి, తన ఎదురుగా కూర్చుని మళ్లీ రాయమంది. నేనే రాశానో, ఇంకెవరితోనైనా రాయించానో అని అనుమానమట.