కళ్లు మూసుకునే ఇరవై నిమిషాలు

మా పక్కవాటాలో టైలరమ్మ ఉంటుంది. మిషను ముందుగదిలో, వీధి తలుపుకి అడ్డంగా వేసుకుంది. వెలుతురు కోసం అనుకునేరు, కాదు. మతి తప్పిన అత్తగారు బయటికి పోవాలంటే ఈమె మోకాళ్లు దాటి పోవాలి, అందుకు. నాలుగేళ్లుగా ఇదే కాపలా. స్నానానికి వెళ్లినా తలుపు ఓరగా వదిలి, ఒక చెవి ఇటే పారేసి నీళ్లు పోసుకుంటుంది.

మొగుడు బస్సు డ్రైవరు, పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. ఇక ఆడపడుచు ఉంది, రెండు వీధుల అవతలే. నెలకోసారి వచ్చి, తల్లి గడ్డం పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుని, టీ తాగి వెళ్తుంది. మొన్నోసారి వదిన మొహం చూసి జాలిపడి, ధ్యానం చెయ్యమంది. ఫోనులో ఏదో ఎక్కించి, రోజూ ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని ఊపిరి గమనించుకుంటే గుండెల్లో బరువంతా దిగిపోతుందని చెప్పింది. నాకు ఒళ్లు మండింది. ఊపిరి సంగతి సరే, ఆ ఇరవై నిమిషాలూ ముసలామెని ఎవరు గమనిస్తారో ఒక్క ముక్క చెప్పలేదు.

పిచ్చిది, నిజంగానే కూర్చుంది. నేను ఊళ్లో లేను, ఉంటే కాపలా కాసేదాన్ని. వీధి తలుపుకి తాళం వేసి, కత్తెర అటక మీద పెట్టి, పొయ్యి ఆర్పి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసింది. మర్చిపోయిందల్లా ఒక్కటే: అత్తగారూ ఒకప్పుడు టైలరే. కళ్లు తెరిచేసరికి ఆవిడ, సాయంత్రానికి ఇవ్వాల్సిన స్కూలు చొక్కాలు ఒళ్లో వేసుకుని, వాటిలో నాలుగు చొక్కాలకి సూదిమొనతోనే చేతులు ఊడదీసి కూర్చుంది. ఇవి కుట్టిన కొత్త పిల్లకి పని రాదని, పనిలోంచి తీసెయ్యమని కోడలికే చెప్పిందట.

విషయం తెలిసి ఆడపడుచు వచ్చింది. వచ్చి ఏమంది? నీ మనసు నిలిచి ఉండదు, ఇంకాస్త ముందే, తెల్లవారుజామున లేచి చెయ్యమంది. నేను నోరు విప్పబోతే టైలరమ్మ చేత్తోనే ఆపింది. గొంతైనా పెంచలేదు.

"నువ్వు చెప్పింది మంచిదే అమ్మాయ్. నేను కళ్లు మూసుకుంటా, నువ్వు తెరుచుకుని కూర్చో. రేపట్నుంచి రోజూ."

"రోజూ అంటే ఎలా వదినా, మా ఇంట్లో పనులు..."

"ఇరవై నిమిషాలేగా. నువ్వేగా అన్నావు."

మర్నాడు వచ్చింది, మొహం గంటు పెట్టుకుని. ఐదు నిమిషాలైనా కాలేదు, తల్లి ఆమెని చూసి కొలతలకొచ్చిన మనిషనుకుంది. చెయ్యి పైకెత్తించి, టేపుతో కొలిచిందే కొలుస్తోంది, దించనివ్వదు.

"వదినా, ఒక్కసారి రా" అని ఏడుపు గొంతుతో పిలిచింది.

టైలరమ్మ లోపలిగదిలో గోడకి ఆనుకుని ఉంది. కళ్లు తెరవలేదు.

"ఇంకా పదిహేనుంది" అంది.