పెద్దమ్మ మాటల్ని తమిళంలోకి మార్చింది నేనే

ఆరేండ్లుగా ఈ మాట గొంతులోనే పెట్టుకోని తిరగతా ఉండాను. తిరువళ్ళూరు స్టేషన్లో రైలు కోసం నిలబడినా అదే గుర్తుకొస్తుంది. నా పేరెందుకు మీకు? వినండి, చాలు.

మా అమ్మ పోయినాక నన్ను సాకింది అమ్మకు అక్క, మా పెద్దమ్మ. పెండ్లి చేసుకోలేదు. తిరుత్తణి మార్కెట్లో ఆకుకూరలు అమ్మి, ఆడపిల్లనని చూడకుండా నన్ను చదివించింది. ఆమెకు డెబ్బై దాటినాక, ఒంటరిగా వదిలి ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయేది నా వల్ల కాలేదు. తిరుత్తణి పక్కనే ఒక ముసలోళ్ళ హోమ్ చూసినాను. మాటకు మనుషులుంటారు గదా అని ఆమే సరేననింది.

ఆ హోమ్‌లో రెండు పక్కలు. ఒక పక్క తమ పని తాము చేసుకునేవాళ్ళు. వాకిట్లో తిరగొచ్చు, కూరలు తరగొచ్చు, గుడికి పోవచ్చు. కానీ జొరమొస్తే ఇంటోళ్ళే వచ్చి ఆసుపత్రికి తీసుకుపోవాల. ఇంకో పక్క మంచం మీదుండేవాళ్ళు. అక్కడ అన్నీ హోమ్ వాళ్ళే చూసుకుంటారు, మనల్ని పిలవరు. ఎవరు ఏ పక్కో నర్సమ్మ ప్రశ్నలడిగి తేలుస్తుంది. నాకు లీవు దొరకదు. అది నిజమే. లీవొక్కటేనా కారణం? అలిసిపోయినానా, లేక ఎవరూ పిలవని పక్కే నాకు హాయనిపించిందా? ఇప్పటికీ తవ్వి చూసుకుంటా ఉండాను.

మాలో, ఇక్కడి తెలుగోళ్ళలో, ఒక అలవాటుంది. పెద్దోళ్ళకు తమిళం బాగా వచ్చు, మార్కెట్లో బేరాలన్నీ తమిళంలోనే. కానీ ఆఫీసులోనో ఆసుపత్రిలోనో కుర్చీలో కూచున్నోళ్ళు ఏదన్నా అడిగితే మాత్రం తెలుగులోనే జవాబిస్తారు. దాన్ని తమిళంలో చెప్పాల్సింది పక్కనున్న చదువుకున్న పిల్లలు. అది మర్యాదో భయమో నాకు తెలీదు. చిన్నప్పట్నుంచి రేషన్ కార్డుకైనా బ్యాంకుకైనా పెద్దమ్మ నోరు నేనే.

హోమ్‌లో చేర్చిన రోజు, పెద్దమ్మ తనే స్నానం చేస్తుందా అని తెలుగు రాని ఆ నర్సమ్మ తమిళంలో అడిగింది.

"నా వీపు రుద్దేదానికి కూడా ఎవరూ అక్కర్లేదని చెప్పు మే," అనింది పెద్దమ్మ.

ఎవరన్నా నీళ్ళు పోయాల్సిందేనని నేను తమిళంలో చెప్పినాను. అబ్బా, ఎంత సులువుగా వచ్చేసిందో! తర్వాత నర్సమ్మ, ఈ రోజు ఏం రోజని అడిగింది.

"కృత్తిక, కొండమీది సామి నక్షత్రం. ఈ కొండ కింద పుట్టినదాన్ని అడగాల్సిన మాటేనా ఇది?"

"అవంగళుక్కు తెరియాదు," ఆమెకు తెలీదనేసినాను.

నడిచేటప్పుడు పడిపోతుందా? ఇది మూడో ప్రశ్న. పెద్దమ్మ నర్సమ్మ వైపు చూడలేదు. నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఒట్టు. కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"నువ్వే చెప్పు మే. ఆమె రాసుకోనీ."

అప్పుడు తెలివొచ్చింది నాకు. ఆమెకు తమిళం వచ్చు గదా! అలవాటులో పడి ఆ సంగతే మరిచిపోయినాను, చూడండి. నా ప్రతి మాటా ఆమెకు అర్థమయింది. నర్సమ్మ పెన్ను పైకెత్తి కాచుకోనుంది. దిద్దుకునేదానికి టైముండింది. తప్పు చెప్పినానమ్మా అని ఒక నవ్వు నవ్వితే అయిపోయేది. పడిపోతా ఉంటుందని చెప్పినాను.

ఆమెను మంచం మీదుండేవాళ్ళ పక్కకే చేర్చినారు. మంచానికి రెండు పక్కలా కమ్మీలు. పడుతుందని కిందికి దిగనీలేదు. ఆరు నెలలకే కాళ్ళు బిగుసుకుపోయినాయి. నెలకోసారి పోతే, తిన్నావా మే, షిఫ్టు మారిందా అని అడిగేది. ఆ రోజు సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. పోయినేడు కన్ను మూసింది.

ఎందుకు నోరు మెదపలేదు? బయటోళ్ళ ముందు నా పరువు తీయకూడదనా? నేను యాడిదాకా పోతానో చూద్దామనా? లేక, దీనికి నేను బరువైపోయినానని తెలిసినాక ఏ పక్కనుంటే ఏమిలే అనుకునిందా? అడిగుండొచ్చు. అడగాలంటే ముందు నేను ఒప్పుకోవాల. అందుకే అన్నేండ్లూ ఊరి సంగతులు మాట్లాడి బస్సెక్కి వచ్చేసినాను.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు, అది మీ చేతిలో కూడా లేదు. నిజం ఒక్కసారన్నా నా నోట్లోంచి రావాలని చెప్తా ఉండాను, అంతే. మా పెద్దమ్మ ఎప్పుడూ పడలేదు. ఆ రోజు హోమ్ గేటు కాడ ఆటో దిగి, నువ్వు మోయలేవులే అని బ్యాగు నా చేతిలోంచి లాక్కోని, నాకంటే ముందు గబగబా లోపలికి నడిచిపోయింది.