పొలాల అమావాస్య నాటి జీపు

నిన్న మా అక్క కొడుకు నన్ను కరీంనగర్ తీసుకుపోయాడు. పాత బండ్లు అమ్మే చోట ఒక పెద్ద కారు, ఇప్పటివాళ్లు ఎస్‌యూవీ అంటారే, అలాంటిది వాడి కంట పడింది. తెల్లగా మెరిసిపోతున్న దాని చుట్టూ తిరుగుతూ, ఫోనులో దాని జాతకమంతా చదివి వినిపించి, చివరికి "మామా, గిది ఇంకో పదేండ్లు నడుస్తదంటవా?" అని అడిగాడు. నాకేం తెలుసని అడిగాడో గానీ, నా నోటి నుంచి మాత్రం "గిది ఎవలింట్ల ఉండెనో అడుగు" అనే మాట వచ్చింది. అమ్మే మనిషి నా వైపు వింతగా చూశాడు. ఆ మాట నాది కాదు, మా బాపుది, నాన్నను మేము అలాగే పిలిచేవాళ్లం.

మాది ఇచ్చోడ పక్కన పల్లె, పత్తీ జొన్నా పండించే ఇల్లు. నాకు బడిపంతులుగా ఉద్యోగం దొరికిన కొత్తలో, ఇంటికొక జీపు ఉంటే విత్తనాలకూ ఆసుపత్రికీ వేములవాడ మొక్కులకూ పనికొస్తుందని బాపుకు బుద్ధి పుట్టింది. కొత్తది కొనే తాహతు లేదు. కరీంనగర్‌లో ఒక వకీలు గారు తన పాత పెట్రోలు జీపు అమ్ముతున్నారని తెలిసి నన్ను వెంటబెట్టుకుని పోయాడు. మన వయసు వాళ్లకు తెలుసు, ఆ కాలపు రైతుకు కొనడమంటే ఎడ్లను కొనడమే. బాపు జీపును కూడా అలాగే కొన్నాడు. చుట్టూ తిరిగాడు, వీపు తట్టాడు, నాలుగడుగులు నడిపించమన్నాడు, బరువు లాగితే ఎగపోస్తుందా అని అడిగాడు. ఇంజను చూపిస్తామంటే వద్దన్నాడు. చివరికి గడపలో నిలబడ్డ వకీలు గారి భార్యతో, "గిది పోతుంటే మీకు జర బాధైతుందా తల్లీ?" అన్నాడు. ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది. బేరం అక్కడే కుదిరిపోయింది. ఏడ్చేవాళ్లున్న ఇంట్లో ఏ జీవమైనా బాగా పెరుగుతుందని ఆయన నమ్మకం. నేను సిగ్గుతో చచ్చిపోయాను గానీ, ఆ జీపు మా ఇంట్లో చాలా ఏళ్లు ఏ పరేషానూ పెట్టకుండా తిరిగింది, ఒక్క రోజు తప్ప.

ఆదిలాబాద్ వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు, పొలాల అమావాస్య ఎడ్ల పండుగ. ఆ రోజు వాటి మెడ మీద కాడి పెట్టరు. వాగులో కడిగి, కొమ్ములకు రంగులు పూసి, హనుమాన్ గుడి చుట్టూ తిప్పి, పోలెలు, అంటే బొబ్బట్లు, తినిపిస్తారు. జీపు వచ్చిన ఏడాది బాపు దాన్నీ పండుగలో కలిపేశాడు. ఎడ్లతో సమానంగా చాకిరీ చేసింది గనుక దానికీ ఒక రోజు విశ్రాంతి ఉండాలట. వాగు నుంచి కావడితో నీళ్లు మోసుకొచ్చి చక్రాలు తోమాడు, అంతటితో ఆగక మూత ఎత్తి ఇంజను మీద బిందెలతో కుమ్మరించాడు. ఆయన ముఖంలో ఆనందం చూసి నాకు నవ్వాగలేదు, నేనూ అద్దానికి రంగు కాగితాలు అంటించాను.

పురుటికి వచ్చిన అక్కకు, ఇంకా గడువుండగానే, ఆ మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని చూసి, బిడ్డ అడ్డం తిరిగిందనీ ఆదిలాబాద్ పెద్దాసుపత్రికి చేర్చకపోతే ఇద్దరూ దక్కరనీ చెప్పేసింది. అక్కను జీపులో పడుకోబెట్టి నేను తాళం తిప్పితే అది దగ్గింది, మూలిగింది, అంటుకోలేదు. నిప్పురవ్వ పుట్టే చోటికి నీళ్లు చేరాయని అర్థమై, పండుగకు తెచ్చిన కొత్త తువ్వాలతో తుడిచేసరికి, అప్పటికే తిప్పి తిప్పి బ్యాటరీ కాస్తా చల్లబడింది. ఊరి వాళ్లొచ్చి తోశారు. ముసురుకు నానిన నల్లరేగడిలో చక్రాలు కూరుకుపోయాయే తప్ప కదల్లేదు. వెనక అక్క అరుపులు వినలేకపోయాను. బాపు జీపు వైపు చూస్తాడు, కొట్టంలో పూలదండలతో నిలబడ్డ ఎడ్ల వైపు చూస్తాడు, అడుగు మాత్రం వెయ్యడు. వాళ్ల తాతల నాటి నుంచి ఆ రోజు ఎవరూ కాడి ముట్టలేదు. మమ్మల్ని కన్న అవ్వే నోరు విప్పింది. "పండుగ మళ్ల వస్తది. బిడ్డ పాణం పోతే మళ్లొస్తదా? ఎడ్లను కట్టు."

బాపు ఎడ్ల ముందు రెండు చేతులూ జోడించాడు. కళ్లనీళ్లు కారుతుండగా, "గీ ఒక్కపారి మాఫ్ చెయ్యిండ్రి నాయనా" అన్నాడు. పసుపు రాసిన మెడల మీద కాడి పెట్టి, జీపు ముందు కొక్కానికి మోకు కట్టాడు. స్టీరింగు పట్టుకున్న నాకు అద్దంలోంచి కనిపించిందల్లా రంగు కొమ్ములూ, బంతిపూల దండలూ, వాటి పక్కన వంగిపోయి నడుస్తున్న బాపు వీపూ. పాపం, ఆ మూగజీవాలు మోకాళ్ల మీద పడి లేచి మరీ గుంజాయి. గట్టిదారి మీదికి చేరాక గేరు వేసి క్లచ్చి వదిలితే, జీపు ఒక్కసారి ఎగిరిపడి గర్రుమంది. బాపు మోకు విప్పేశాడు. మేము పోతుంటే ఆయన దారి మధ్యలో ఎడ్లను కౌగిలించుకుని నిలబడిపోవడం పక్క అద్దంలో చూశాను. పొద్దు గూకే వేళకు ఆదిలాబాద్‌లో ఆపరేషన్ చేసి అక్కకు కొడుకును తీశారు. నిన్న నన్ను కరీంనగర్ తీసుకుపోయినవాడు వాడే.

తర్వాత ఏ పొలాల అమావాస్యకూ బాపు జీపును కడగలేదు. పూజంతా ఎడ్లకే చేసి, దాన్ని మాత్రం రోడ్డు వైపు ముఖం పెట్టి సిద్ధంగా నిలబెట్టేవాడు. చాలా ఏళ్లకు దాన్ని అమ్మిన రోజు అక్క వాకిట్లో నిలబడి ఏడ్చింది. కొన్నవాడు బాపులాంటి వాడైతే అది చూసి ఎంతో సంబరపడి ఉంటాడు.

నిన్నటి బండి ఎవరింటిదో అమ్మే మనిషికి తెలియదు. ఎక్కడో పట్నం నుంచి వచ్చిందన్నాడు, ఇంజనుకు హామీ ఇస్తానన్నాడు. మంచి బండే, అల్లుడు కొనుక్కున్నాడు. బయలుదేరే ముందు నేను వంగి దాని ముందు భాగం కింద తడుముతుంటే, "ఏం దేవులాడుతున్నవ్ మామా?" అన్నాడు. కొక్కెం చేతికి తగిలింది. మోకు కట్టడానికి అది ఉంది గానీ, గుంజడానికి మా ఊళ్లో ఇప్పుడొక్క ఎద్దు లేదు. ట్రాక్టర్లు వచ్చాక కొట్టాలన్నీ బండ్లు నిలిపే షెడ్లయ్యాయి. పొలాల అమావాస్యకు ఇచ్చోడ అంగట్లో మట్టి ఎడ్ల జత కొనుక్కొచ్చి, పీట మీద పెట్టి పోలెలు నైవేద్యం పెడుతున్నాం. ఏటా వాటి ముందు చేతులు జోడించి, బాపు ఆనాడు అడిగిన మాఫీనే నేను మళ్లీ అడుగుతాను. ఈసారి అల్లుణ్ణి కూడా నా పక్కన నిలబెట్టుకుంటాను.