జకియా దువ్వెన

అల్పాకా అంటే ఒంటె తీరు మెడ, గొర్రె తీరు ఉన్ని. వాటిని పెంచేటోళ్ల క్లబ్బు గల్ఫ్‌ల ఉన్న అల్ రయ్యాన్‌ల ఏటా పోటీలు పెడ్తది. బోధన్ నుంచి వచ్చిన జకియా అక్కడ జీతం లేకుండనే కొట్టాలు ఊడుస్తది, చాయ్ కాస్తది. నిరుడు ముద్దుకొద్ది ఒక అల్పాకాను తన దువ్వెనతోనే నున్నగ దువ్వింది. దువ్వితే ఉన్ని వంకీలు పోయి మార్కులు తగ్గుతయని అప్పటికి ఆమెకు తెల్వదు. "పెండ్లిపిల్లను తయారు చేసినవా? చాయ్ కాడికి పో" అన్నడు సెక్రటరీ జియావుద్దీన్. అందరు నవ్విన్రు. ఆ నవ్వు ఏడాదంత ఆమెకు పంటికింద రాయిలెక్కనే ఉండె.

ఈసారి పోటీల జియావుద్దీన్ సొంత తెల్ల అల్పాకా నిలవడ్డది. జడ్జి దాని ఉన్ని విడదీసి చూసి, వంకీలు కానరాక తల అడ్డంగ ఊపి ముందుకు పోయిండు. జియావుద్దీన్ మొహం మాడిపోయింది. జకియా అతనికి చాయ్ అందించి, "షక్కర్ సరిపోయిందా, భాయ్?" అని మెల్లగ అడిగింది. తర్వాత కొట్టం ఎనకకు పోయి, దువ్వెనల ఇరికిన తెల్లటి ఉన్నిపోగులు ఒక్కొక్కటే ఏరుకుంట కూసున్నది.