ఏకగ్రీవంగా అని రాసింది నేనే

ఆ అమ్మాయి ఆ రోజు ఒప్పుకోలేదు. ఒప్పుకుందని కాగితం మీద రాసింది నేను. ఈ రెండు ముక్కలూ ఐదేళ్ల కిందటే చెప్పి ఉండాల్సింది.

నారాయణగూడలో ఒక డిగ్రీ కాలేజీలో సోషల్ వర్క్ పాఠాలు చెబుతాను. మా విభాగం కమిటీలో విద్యార్థులకూ ఒక కుర్చీ ఉంటుంది. పిల్లలు తమ సంఘం తరఫున ఒకరిని ఎన్నుకుని పంపుతారు. ఆ ఏడు రెండో సంవత్సరం చదువుతున్న ఆ అమ్మాయిని పంపారు. వాళ్ల అమ్మానాన్నలు పాలమూరు నుంచి వచ్చి ఇళ్లు కట్టే పనికి వెళ్లేవారు.

గురు, శుక్రవారాల్లో జరిగే ఫీల్డ్ వర్క్‌ను శని, ఆదివారాలకు మార్చాలని మేం అనుకున్నాం. పిల్లల్లో సగం మంది శని, ఆదివారాల్లోనే సుల్తాన్ బజార్ బట్టల దుకాణాల్లో పనిచేస్తూ చదువుకునేవారు. మార్పును అడ్డుకుంటానని మాటిచ్చే ఆమె గెలిచింది.

సమావేశంలో లేచి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మాకు ఒప్పుదల లేదు సార్. రాసుకోండ్రి."

మా విభాగాధిపతి నవ్వారు. "సరేలేమ్మా, ముందు టీ తాగు" అన్నారు. మార్పు ఖాయమైపోయింది.

మినిట్స్ రాసే పని నాది. నా పద్ధతి ఒకటే. కిందటేడాది ఫైలు తెరిచి తేదీ, విషయం మార్చేయడం. 'విద్యార్థి ప్రతినిధితో సహా సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు' అన్న వాక్యం అందులో ముందే ఉంది. దాన్ని చూసుకోలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. చూశాను. తనిఖీకి వచ్చేవాళ్లకు ఆ ఫైలే చూపించాలి. ఒకరు కాదన్నారని ఉంటే పది ప్రశ్నలు వేస్తారు. అందుకే వదిలేశాను.

ఆ కాగితం నోటీసు బోర్డెక్కింది. ఆ మధ్యాహ్నమే వరండాలో ఆమెను చూసి పిల్లలు అంటుంటే విన్నాను.

"అగో, ఏకగ్రీవం వస్తున్నది. జరుగుండ్రిరా!"

"సార్ల పక్కన కుర్సీ దొరికినంక మనం యాదికుంటమా? ఒక్క చాయ్‌కే పడిపాయె అక్క."

ఆమె నేరుగా నా గదికి వచ్చింది. చేతిలో నా క్లాసులో రాసుకున్న నోట్సు.

"సార్, ఎవరి మాట వాళ్ల మాటల్లనే రాయాలని మీరే గదా చెప్పిండ్రు? నేను వద్దన్న గదా. జర దిద్దుండ్రి."

బస్తీలో మనుషులను కలిసి వచ్చాక రిపోర్టు ఎలా రాయాలో చెప్పే పాఠం అది. ఏటా నేనే చెబుతాను.

"వచ్చే మీటింగులో సవరణ పెడదాం అమ్మా."

"అందాంక నేను క్లాసుల ఎట్ల కూసోవాలె సార్?"

ఏవో పేపర్లు సర్దుతూ కూర్చున్నాను. కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆమె పక్కన ఎవరూ కూర్చోగా చూడలేదు. మెట్ల మీద ఒక్కతే డబ్బా విప్పుకుని తినేది. సాయంత్రాలు ఫ్లైఓవర్ కింద బస్సు కోసం నిలబడి కనిపించేది. నేను రోడ్డు దాటి అవతలి పక్కనుంచి నడిచేవాణ్ని.

తర్వాతి సమావేశానికి ముందే సంఘానికి రాజీనామా ఇచ్చింది. ఆ రోజు ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. మొదటి అంశం పాత మినిట్స్‌ను ఖాయం చేయడం.

"సవరణలేమైనా ఉన్నాయా?" అని విభాగాధిపతి అడిగారు.

"లేవు సార్" అన్నాను.

మూడో సంవత్సరం మొదట్లో టీసీ తీసుకుని వెళ్లిపోయింది. ఎందుకని అడగాల్సిన మనిషిని నేనే. అడగలేదు.

చిక్కడపల్లిలో ఒక్కణ్నే ఉంటాను. సెలవు రోజుల్లో పాలవాడితో తప్ప ఎవరితోనూ మాట ఉండదు. ఎవరూ పలకరించని రోజు ఎంత పొడుగ్గా ఉంటుందో నాకు తెలుసు. అలాంటి రోజులు ఆమెకు ఎన్ని గడిచాయో మాత్రం లెక్క వేసుకోలేదు.

కిందటి నెల అశోక్ నగర్‌లో ఒక టీ కొట్టు దగ్గర ఆ బ్యాచ్ కుర్రాడు కలిశాడు. గ్రూప్స్‌కు కోచింగ్ తీసుకుంటున్నాడట. వరండాలో చాయ్ మాట అన్నది అతనే. నమస్తే పెట్టి, నాకూ ఒక చాయ్ చెప్పాడు. నిలబడ్డచోటే జరిగిందంతా చెప్పేశాను.

అతను కప్పు పక్కన పెట్టాడు.

"నిజంగ వద్దన్నదా సార్?"

"నిలబడి మరీ చెప్పింది. రాసుకోమంది."

"మాతోని గూడ గదే చెప్పింది సార్. ఒట్టు పెట్టుకున్నది. కాయితం మీద సార్ సంతకముంటే నీ మాటెవడు నమ్ముతడే అన్న నేను."

ఆమె ఇప్పుడెక్కడ ఉంటుందో తెలుసా అని అడిగాను.

"మాకేం ఎరుక సార్? మాట్లాడుతుంటే గదా తెలిసేది."

పుస్తకాల సంచి భుజానికి తగిలించుకుని, నమస్తే కూడా చెప్పకుండా కోచింగ్ సెంటర్ వైపు వెళ్లిపోయాడు.